కుక్కతో కలిసి వెళ్ళదగిన చిన్న మైక్రోబ్రూవరీ: శనివారం అనుభవం, రెండు సందేహాలు

బెల్లం వాళ్ళ నాన్న (మారతహళ్ళి), శనివారం రాత్రి 9:50

సభ్యులందరికీ నమస్కారం. ఈ రోజు మధ్యాహ్నం నేను, మా ఆవిడ, మా బెల్లం కలిసి బెంగళూరులో హెణ్ణూరు వైపు ఉన్న ఒక చిన్న మైక్రోబ్రూవరీకి, అంటే అమ్మే బీరును అక్కడే కాచే చోటికి, వెళ్ళి వచ్చాము. బెల్లం అంటే మా కుక్క. ఐదేళ్ళ క్రితం వానలో, అపార్టుమెంటు గేటు దగ్గర ఆగిన కారు కింద దొరికిన నాటు కుక్క అది. రంగు అనకాపల్లి బెల్లం రంగు, బరువు 18 కిలోలు, స్వభావం మాత్రం పాకం ముదిరిన రకం.

అది ఒకప్పటి గోదామును బాగు చేసి పెట్టిన చోటు. లోపల ఆరు బల్లలు, బయట వేపచెట్టు కింద మరో ఎనిమిది ఉన్నాయి. పేరు ఇక్కడ రాయడం లేదు. పద్నాలుగు బల్లల చోటికి వచ్చే వారం మన వేదిక సభ్యులందరూ బయలుదేరితే కుక్కలకే కాదు, మనకూ చోటు దొరకదు. అడిగిన వారికి విడిగా చెబుతాను.

శనివారం ఏడు దాటితే పాటల శబ్దం పెంచుతారని ఫోన్‌లో ముందే తెలుసుకుని నాలుగు గంటలకే వెళ్ళాము. కుక్కలకు స్వాగతమని, గొలుసు తప్పనిసరని, కుర్చీల మీద కూర్చోబెట్టరాదని ద్వారం దగ్గర పలక మీద కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. వడ్డించే కుర్రాడు వస్తూనే బెల్లం కళ్ళలోకి చూడకుండా పక్కకు తిరిగి గొంతుకూర్చుని, చెయ్యి కిందికి చాచి, అది వాసన చూసేదాకా ఆగాడు. ఆ తరువాత తల నిమరవచ్చా అని మమ్మల్ని అడిగాడు, ఆ తరువాతే మెనూ ఇచ్చాడు. నేల అంతా పాలిష్ చెయ్యని కడప బండ. ఎండ పడని చోట ఆ బండ ఎంత చల్లగా ఉంటుందో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. బెల్లం పొట్ట దానికి ఆనించి, వెనక కాళ్ళు రెండూ కప్పలాగా చాపి పడుకుంది.

అద్దం గోడ వెనక నాలుగు స్టీలు ట్యాంకులు కనిపిస్తాయి. నేను చిన్న గ్లాసుల్లో నాలుగు రకాలు రుచి చూశాను. వాటిలో మబ్బుగా, లేత పసుపు రంగులో ఉన్న గోధుమ బీరును ముక్కు దగ్గర పెట్టుకోగానే బాగా మగ్గిన అరటిపండు వాసన వచ్చింది. అరటిపండు కలుపుతారా అని అడిగితే ఆ కుర్రాడు నవ్వి, అందులో పండేమీ లేదని, అది ఈస్ట్ చేసే పని అని చెప్పి మరో బల్ల దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఇక నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. గొలుసును కుర్చీ కాలికి తగిలించాను. వేపచెట్టు మీద నుంచి ఉడుత దిగింది. బెల్లం లేచింది, దానితో పాటు కుర్చీ కదిలింది, కుర్చీతో పాటు నేను కదిలాను, స్టౌట్ అనే నల్ల బీరు ఉన్న గ్లాసు బండ మీద పడి ముక్కలైంది. వాళ్ళు పరుగున వచ్చి ముందు బెల్లాన్ని పక్కకు నడిపించి, నాలుగు పాదాలూ ఎత్తి చూసి, ఆ తరువాత గాజు ఊడ్చి, తడి గుడ్డతో రెండుసార్లు తుడిచారు. గ్లాసు ఖరీదు బిల్లులో వెయ్యమన్నా వెయ్యలేదు.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. బీరు చెయ్యగా మిగిలిన బార్లీ పిప్పితో చేసిన కుక్క బిస్కెట్లను అక్కడ సీసాలో పెట్టి అమ్ముతున్నారు. ఒక పొట్లం కొన్నాను కానీ, బీరులో వాడే ఏదో దినుసు కుక్కలకు విషమని మా ఆవిడ ఎక్కడో చదివిందట, అందువల్ల ఇంకా పెట్టలేదు. పెట్టవచ్చా? రెండవది, మా ఆవిడ బీరు తాగదు కాబట్టి కారు తనే నడిపింది. అలాంటి తోడు లేని రోజున కుక్కతో ఎలా వెళ్ళి రావాలి?

మాల్టు మామ (యశవంతపుర), శనివారం రాత్రి 10:35

బెల్లం నాన్న గారూ, నా వృత్తే బీరు కాచడం కనుక మీ మొదటి సందేహానికి సగం జవాబు నేను చెప్పగలను, మిగతా సగం మన డాక్టరమ్మ గారు చెప్పాలి.

మన ఇళ్ళలో రాగులు నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి, దోరగా వేయించి, పిండి కొట్టి పిల్లలకు కాచి పోస్తాము కదా. బార్లీకి అదే పని చేస్తే అది మా మాల్ట్. దాన్ని బరకగా నలగ్గొట్టి, సుమారు 65 డిగ్రీల వేడి నీళ్ళలో గంటసేపు ఉంచుతాము. గింజలోని పిండి ఆ వేడికి చక్కెరగా మారి నీళ్ళలోకి దిగుతుంది. అప్పుడు అన్నం వార్చి గంజి తీసినట్టుగా ఆ తీపి నీళ్ళను కిందినుంచి వేరే పాత్రలోకి వంపుకుంటాము. దానిని వోర్ట్ అంటాము. పాత్రలో మిగిలిపోయేదే మీరు చెప్పిన పిప్పి. హాప్స్, అంటే బీరుకు చేదునిచ్చే పూగుత్తులు, వేసేది ఆ తరువాత, వోర్ట్‌ను గంటసేపు మరిగించేటప్పుడు. అంటే మామూలు పద్ధతిలో కాచినంత వరకు పిప్పికి హాప్స్ గాలి కూడా తగలదు.

అయితే ఒక మెలిక ఉంది. మరిగించిన పాత్ర అడుగున ఆకుపచ్చగా, బురదలాగా మిగిలే మడ్డి వేరు, పిప్పి వేరు. ఆ మడ్డి నిండా హాప్సే ఉంటాయి. కొన్ని రకాల బీర్లకు పులిసేటప్పుడు ట్యాంకులో కూడా మళ్ళీ హాప్స్ వేస్తాము కనుక ట్యాంకు అడుగున దిగేదీ అలాంటిదే. కాబట్టి బిస్కెట్లు అమ్మేవారిని ఇది పిప్పేనా అని అడిగి ఊరుకోకండి, హాప్స్ వెయ్యకముందు తీసినదేనా అని అడగండి. పని తెలిసినవాడైతే తడుముకోకుండా చెబుతాడు. పిప్పి ఏ రోజుది అని కూడా అడగండి. 1,000 లీటర్ల బీరుకు సుమారు 200 కిలోల మాల్ట్ పడుతుంది, అంతకు తగ్గని బరువులో తడి పిప్పి వస్తుంది. అది ఒక్క రోజులో పులిసి కంపు కొడుతుంది. అందుకే మా దగ్గరకు పాడి రైతులు తెల్లవారకముందే ట్రాలీ ఆటో వేసుకుని వస్తారు. ఒక వేసవిలో ఆటో చెడిపోయి రాని రోజున మా వీధి మొత్తానికి నేను సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

అరటిపండు సంగతి. గోధుమ బీరుకు వాడే ఈస్ట్ పులిసే క్రమంలో ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. అరటిపండు వాసనలో ముఖ్యమైన పదార్థమూ అదే. ఈసారి అదే గ్లాసును కొంచెం వెచ్చబడనిచ్చి మళ్ళీ వాసన చూడండి, అడుగున లవంగం తగులుతుంది. అదీ ఈస్ట్ పుణ్యమే. పులియబెట్టేటప్పుడు వేడి కాస్త ఎక్కువైతే అరటి, తగ్గితే లవంగం ముందుకు వస్తాయి.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. అద్దం గోడకు తలుపు తెరిచి ఉన్నా కుక్కను ట్యాంకుల వైపు పోనివ్వకండి. మేము ట్యాంకులు కాస్టిక్ సోడాతో కడుగుతాము. అక్కడి గచ్చు మీద తడి కనిపిస్తే అది నీళ్ళే అనుకోవడానికి లేదు, కుక్క మాత్రం నాలుక పెట్టకుండా ఊరుకోదు.

కొత్త బాటసారి (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్), ఆదివారం ఉదయం 7:20

చాలా బాగుంది. ఆ చోటి పేరు దయచేసి నాకు సందేశంలో పంపండి. మా దగ్గర రెండేళ్ళ పగ్ ఉంది.

పశువైద్యురాలు (రాజాజీనగర్), ఆదివారం ఉదయం 11:05

మీ ఆవిడ చదివినది నిజమే. ఆ దినుసు హాప్స్. తాజా పూగుత్తులైనా, గుళికలైనా, వాడి పారేసిన మడ్డి అయినా కుక్కకు ప్రమాదమే. తిన్న కొన్ని గంటల్లోనే, ఒక్కొక్కసారి అంతకంటే త్వరగా, కుక్క విపరీతంగా రొప్పడం, నిలకడ లేకుండా తిరగడం, గుండె వేగం పెరగడం, వాంతులు కనిపిస్తాయి. శరీరంలో వేడి అదుపు తప్పి పెరుగుతుంది. కుక్కకు మామూలుగా ఉండే వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. హాప్స్ తిన్నప్పుడు అది 41 దాటిపోవచ్చు, అప్పుడు వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. గ్రేహౌండ్ జాతిలో ఎక్కువ చూశారు గాని, ఏ జాతికీ మినహాయింపు లేదు. దీనికి విరుగుడు మందంటూ ప్రత్యేకంగా లేదు. చెయ్యగలిగిందల్లా తిన్నది బయటికి తీయడం, ఒళ్ళు చల్లబరచడం, సెలైన్ ఎక్కించడం. అందుచేత లక్షణాల కోసం ఎదురుచూడకుండా, తిన్నదని తెలిసిన వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఇంట్లో ఉప్పు నీళ్ళు పోసి కక్కించే ప్రయత్నం చెయ్యకండి.

హాప్స్ తగలని పిప్పితో చేసి, గట్టిగా ఎండేలా కాల్చిన బిస్కెట్టు ఒకటి రెండు పెడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. గోధుమ, బార్లీ పడని కుక్కలకు మాత్రం వద్దు. పొట్లం మీద దినుసులు చదవండి. తీపి కోసం జైలిటాల్ వాడితే ఆ పొట్లాన్ని ముట్టుకోనివ్వవద్దు. ఎండుద్రాక్ష ఉన్నా అంతే.

ఇలాంటి చోట్ల అసలు ప్రమాదం బిస్కెట్ల సీసాలో కంటే బల్ల కింద ఎక్కువ. మసాలా పల్లీలలో సన్నగా తరిగి చల్లిన ఉల్లిపాయ సగం కిందే పడుతుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. ఆ పూటకు ఏమీ కనిపించదు, నాలుగైదు రోజుల తరువాత చిగుళ్ళు పాలిపోయి, మూత్రం కాఫీ రంగులోకి మారితే అప్పుడు మా దగ్గరకు తెస్తారు. చికెన్ ముక్కల్లోని ఎముకలు సరేసరి. బీరు చుక్క కూడా నాకించకండి. వీడియో కోసం గ్లాసు కుక్క మూతి దగ్గర పెట్టేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కొత్త బాటసారి గారూ, పగ్ ముక్కు చప్పిడిది కనుక ఒంట్లో వేడిని రొప్పి బయటికి పంపడం దానికి కష్టం. ఏప్రిల్ మధ్యాహ్నాలు మానుకోండి. మీ అరచేతి వెనక భాగాన్ని నేల మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే, ఆ నేల మీద కుక్కను నడిపించకూడదు.

జయనగర్ పెద్దాయన, ఆదివారం సాయంత్రం 4:40

అందరూ ఉత్సాహంగా ఉన్నారు కనుక ఎదురు మాట ఒకటి ఎవరో ఒకరు అనాలి, నేనే అంటున్నాను. నేను బీరుకు విరోధిని కాను. ఈ ఊళ్ళో మైక్రోబ్రూవరీల సందడి మొదలు కాకముందు నుంచే, బ్రిగేడ్ రోడ్డు చుట్టుపక్కల పబ్బులు తెరిచిన కాలం నుంచే నేను బీరు తాగుతున్నాను. 2010లో ఇందిరానగర్‌లో టోయిట్ అనే మైక్రోబ్రూవరీ తెరిచిన తరువాత అక్కడికీ వెళ్ళాను. కానీ మనుషులు తిని తాగే చోటికి కుక్కను తీసుకురావడం ఎవరి సుఖం కోసం? కుక్క అడిగిందా? నిమ్మళంగా ఇంట్లో గుమ్మం దగ్గర పడుకునే జీవిని కారెక్కించి, ఎవరి కాళ్ళ మధ్యనో పడుకోబెట్టి, దాని పేరున మనం ఫోటోలు తీసుకుంటున్నామని నా అనుమానం.

మా మనవరాలిని మూడేళ్ళ క్రితం ఒక పెంపుడు కుక్కే కరిచింది. యజమాని చివరిదాకా చెప్పిన మాట ఒక్కటే: మా కుక్క ఎవరినీ ఏమీ చెయ్యదండీ. ఆ పిల్ల ఇప్పటికీ లిఫ్టులో కుక్క ఉంటే ఎక్కదు. అలాంటి పిల్లను వెంటబెట్టుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కుటుంబం మీ వేపచెట్టు కింద ఎక్కడ కూర్చోవాలి?

బెల్లం వాళ్ళ నాన్న, ఆదివారం సాయంత్రం 6:15

పెద్దాయన గారూ, మీ మనవరాలి సంగతి చదివి బాధ కలిగింది. అక్కడ లోపలి ఆరు బల్లల వైపు కుక్కలకు ప్రవేశం లేదు, ఆ గదికి ద్వారం కూడా వేరే ఉంది. ఇది నేను మొదటి సందేశంలో రాయవలసింది. ఇక కుక్క అడిగిందా అన్న ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదని ఒప్పుకుంటున్నాను. మేము ఉన్న రెండు గంటల్లో గంటన్నర అది నిద్రపోయింది. దాన్ని సుఖమనుకున్నాను.

గొలుసు వదిన (వైట్‌ఫీల్డ్), ఆదివారం రాత్రి 8:30

పెద్దాయన గారి ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తున్నదే. నేను కుక్కలకు తర్ఫీదు ఇస్తాను, కాబట్టి ఈ బ్రూవరీలకు వెళ్ళడం నాకు సరదా కంటే పనిలో భాగం.

కిందటి ఏడాది ఒక చోటికి వెళ్ళాము. పేరు అనవసరం. గోడ మీద కుక్క పంజా బొమ్మ వేసి, కుక్కలంటే ప్రాణమని రాశారు. లోపలికి వెళ్ళాక మమ్మల్ని పార్కింగ్ వెనక, జనరేటర్ పక్కన ఒక్క బల్ల వేసి కూర్చోబెట్టారు. నేల నున్నటి టైల్స్, పైన స్పీకరు. కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే నా లాబ్రడార్ నా ఒళ్ళోకి ఎక్కడానికి చూసింది. 32 కిలోల లాబ్రడార్! నీళ్ళ గిన్నె అడిగితే ప్లాస్టిక్ గ్లాసు ఇచ్చారు. పెంపుడు జంతువుకు ప్రత్యేక రుసుము అని బిల్లులో వంద రూపాయలు మాత్రం మరిచిపోకుండా వేశారు. బోర్డును చూసి మోసపోవడం అదే ఆఖరు.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. కుక్క లేకుండా ఒకసారి వెళ్ళండి. బల్ల పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని ఐదు నిమిషాలు కూర్చోండి. జనం చూస్తారు, చూడనివ్వండి. అక్కడ మీ ముక్కుకు తగిలేది, మీ చెవిన పడేది, మీ ముఖానికి ఆనుకుని నడిచే చెప్పులు, ఇవే రెండు గంటల పాటు మీ కుక్కకు దక్కేవి. పైగా మనకు వినిపించేది 20,000 హెర్ట్జ్ దాకానే, కుక్క దానికి రెట్టింపు పైన కూడా వింటుంది. వెనక గోడ ఉందా, వడ్డించేవారు వచ్చే దారికి అడ్డం లేకుండా మూల దొరుకుతుందా, ఎదురుగా మరో కుక్క వస్తే మీరు పక్కకు తప్పుకునే ఖాళీ ఉందా చూడండి. నలభై బల్లల చోటు కంటే పద్నాలుగు బల్లల చోటును నేను ఇష్టపడేది అందుకే. అక్కడ పనిచేసేవారికి ఏ బల్ల కింద ఏ కుక్క ఉన్నదో తెలిసి ఉంటుంది.

బెల్లం నాన్న గారూ, నిద్ర మంచి గుర్తే, కానీ అలిసిపోయిన కుక్కా నిద్రపోతుంది. దానికి ముందు ఏం చేసిందో గుర్తు చేసుకోండి. నిద్ర రాకపోయినా పదే పదే ఆవలించిందా, తిండి లేకపోయినా మూతి నాక్కుందా, కళ్ళ తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసిందా, తోక కాళ్ళ మధ్యకు పోయిందా? ఇవి లేకుండా నేరుగా కప్పలాగా పడుకుందంటే మీరు ధైర్యంగా మళ్ళీ తీసుకువెళ్ళవచ్చు. ఇవి ఉంటే బిల్లు తెప్పించుకుని లేవడమే మర్యాద. గొలుసును కుర్చీకి కాదు, మీ కాలి కిందో నడుముకో ఉంచుకోండి. సాగే గొలుసు, అంటే బటన్ నొక్కితే పది పదిహేను అడుగులు పోయేది, అసలు తీసుకురావద్దు. దాని తాడు చుట్టుకుని ఒక పెద్దావిడ పడిపోవడం నేను కళ్ళారా చూశాను.

కొత్త బాటసారి, సోమవారం మధ్యాహ్నం 1:10

నేల మీద కూర్చునే ధైర్యం నాకు లేదు గాని మిగతావన్నీ రాసుకున్నాను. మాల్టు మామ గారికి ఒక ప్రశ్న. నేను ఇంతవరకు సీసా బీరే తాగాను. అక్కడ పలక మీద ఆరేడు పేర్లు ఉంటే ఏది ముందు అడగాలి?

మాల్టు మామ, సోమవారం రాత్రి 11:20

తేలిక నుంచి ముదురుకు వెళ్ళండి, చేదును చివరకు ఉంచుకోండి. హాప్స్ దట్టంగా పడిన ఐపీఏ రకం బీరుతో మొదలుపెడితే కాకరకాయ కూర తిన్నాక పెరుగన్నం రుచి చూసినట్టే, తరువాతి గ్లాసుల సంగతి నాలుకకు తెలియదు. సీసా బీరు అలవాటున్న వారికి విట్‌బియర్ బాగుంటుంది. బెల్జియం పద్ధతి అది, అందులో వేసేది నారింజ తొక్క, మన ధనియాలు. ధనియాలని చెబితే మా నాన్న గారు నమ్మలేదు, చారు కాస్తున్నావా బీరు కాస్తున్నావా అన్నారు. తరువాత గోధుమ బీరు. స్టౌట్‌కు నలుపు, కాఫీ వాసన మాడబెట్టినట్టు వేయించిన బార్లీ వల్ల వస్తాయి, కాఫీ పొడి కలపనవసరం లేదు. మామిడి కాలంలో బెంగళూరు బ్రూవరీల్లో మామిడి బీరు కూడా దొరుకుతుంది. నాకు నచ్చదు, కానీ నా మాట విని మానకండి.

లాగర్ ఉందా అని అడిగి చూడండి. చిన్న చోట్ల తరచు ఉండదు. ఏల్, అంటే వెచ్చగా, త్వరగా పులిసే బీరు రకాలు, 20 డిగ్రీల చుట్టూ ఉండే వేడిలో పులిసి రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వస్తాయి. లాగర్ 10 డిగ్రీల చుట్టూ మెల్లగా పులిసి, ఆపైన ఇంకా చల్లగా వారాల తరబడి ట్యాంకులో పడుకోవాలి. నాలుగే ట్యాంకులున్నవాడు ఒక ట్యాంకును నెలన్నర దానికి రాసివ్వాలంటే గుండె ధైర్యం ఉండాలి. అలాంటి చోట మంచి లాగర్ దొరికితే, కాచినవాడిని పిలిచి ఒక మంచి మాట చెప్పండి.

ఆటో మీటరు (కె.ఆర్.పురం), మంగళవారం ఉదయం 9:00

రెండవ సందేహానికి ఎవరూ జవాబు రాయలేదు. నమ్మ మెట్రోలో కుక్కలను ఎక్కనివ్వరు. మామూలు క్యాబ్ బుక్ చేసి చివరి నిమిషంలో కుక్కను చూపిస్తే డ్రైవర్ రద్దు చేస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు. పెంపుడు జంతువులతో ప్రయాణానికి ప్రత్యేకంగా బుక్ చేసుకునే వీలు కొన్ని యాప్‌లలో ఉంది. అది దొరకని రోజున నేను ఆటో స్టాండుకు వెళ్ళి, ముందే కుక్కను చూపించి, బేరమాడి, సీటు మీద పాత దుప్పటి పరుస్తాను. తిరిగి రావడానికి కూడా అదే ఆటోను ఉండమంటాను. వెయిటింగ్‌కు అడిగింది ఇస్తాను.

ఒక్క గ్లాసే కదా అని మాత్రం కారు తీయకండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే. పోలీసులు మిమ్మల్ని పక్కకు దింపితే వెనక సీటులో ఉన్న కుక్కను ఎవరు చూస్తారు?

పశువైద్యురాలు, మంగళవారం మధ్యాహ్నం 2:30

చివరగా టీకాల పుస్తకం. రేబీస్ టీకా ఏటా వేయించినట్టు డాక్టరు సంతకం ఉన్న పేజీని ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. దాన్ని ద్వారం దగ్గరే అడిగే చోటు మీద నాకు గౌరవం. పెద్దాయన గారి మనవరాలి వంటి పిల్లలకు అదే మొదటి రక్షణ. ఎవరినైనా కరిస్తే, గీరినా సరే, గాయాన్ని ధారగా పోసే నీళ్ళతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. టీకా వేసిన కుక్కే కదా అని ఊరుకోకూడదు.

బెల్లం వాళ్ళ నాన్న, తరువాతి ఆదివారం రాత్రి 9:15

నిన్న మళ్ళీ వెళ్ళాము. ఈసారి నేను ముందుగా లోపలికి వెళ్ళి, గొలుసు వదిన గారు చెప్పినట్టు వేపచెట్టు కింద నేల మీద కూర్చున్నాను. మూడు నిమిషాలకే వడ్డించే కుర్రాడు వచ్చి, సార్, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. విషయం చెప్పాక అతనూ పక్కనే కూర్చున్నాడు. కిందినుంచి చూస్తే తెలిసిందేమిటంటే, మేము పోయినసారి కూర్చున్న బల్ల వంటగది తలుపుకు ఎదురుగా ఉంది, ఆ తలుపు తీసినప్పుడల్లా వేయించిన చేప వాసన నేరుగా నేల మీదుగా వస్తుంది. బెల్లం పోయినసారి అటే చూస్తూ మూతి నాక్కున్నదని మా ఆవిడకు అప్పుడు గుర్తుకు వచ్చింది. అది భయమో, చేప మీద ఆశో నేను చెప్పలేను. గోడ వారగా ఉన్న చివరి బల్లకు మారాము. గొలుసు నా చెప్పు కింద ఉంది. ఉడుత రెండుసార్లు వచ్చింది, గ్లాసులన్నీ క్షేమం.

బిస్కెట్ల గురించి అడిగితే బీరు కాచే అతనే వచ్చాడు. పిప్పి హాప్స్ వెయ్యకముందు తీసినదేనని, ఆ ఉదయమే కాచి మధ్యాహ్నానికే బిస్కెట్లు కాలుస్తామని చెప్పి, ట్రేను తెచ్చి చూపించాడు. పిప్పి, గోధుమ పిండి, ఉప్పు లేని పల్లీ ముద్ద, గుడ్డు, ఇవే దినుసులు. ఇన్ని విచారణలు పూర్తి చేసి, డాక్టరమ్మ గారి మాట ప్రకారం ఒక్క బిస్కెట్టు బెల్లం ముందు పెట్టాము. అది వాసన చూసింది, నోట కరుచుకుంది, నాలుగు అడుగులు నడిచి వేపచెట్టు మొదట్లో పెట్టి, ముక్కుతో మట్టి కప్పేసి వచ్చి పడుకుంది. ఇంటికి వచ్చాక పెరుగన్నం తిన్నది.

జయనగర్ పెద్దాయన, సోమవారం ఉదయం 6:30

లోపలి గదికి ద్వారం వేరే ఉందన్నారు. వారం మధ్యలో, మధ్యాహ్నం మూడింటి వేళ, బయట కుక్కలు తక్కువగా ఉంటాయా? ఆ గది కిటికీలో నుంచి వేపచెట్టు కనిపిస్తుందా? పేరు సందేశంలో పంపండి. మనవరాలికి ఈ నెలాఖరున సెలవులు.